జాకీ, తొమ్మిది పట్టిన మనిషి

"బూట్లు ఎవరు తొడిగారు?" అని అడిగాడు సూబయ్య.

మ్యూరియెల్ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపలికి రాలేదు. శనివారం మధ్యాహ్నం ఆమె పెరట్లోని ఈ గదిలోనే అప్పల్‌సామి తాతను ఎవరో దిండు అదిమి చంపేశారు. ఇవాళ సోమవారం. శవం వెళ్ళిపోయింది. మంచం, దిండు, కుర్చీ మాత్రం మిగిలాయి.

"ఎవరు తొడుగుతారు? తనే" అంది. "ఏటా పెశ్న?"

"శనివారం నువ్వు ఫోన్ చేస్తే వచ్చి చూశాను. కాళ్ళకు నల్ల బూట్లున్నాయి. లేసులు బిగించి ఉన్నాయి."

"అవును."

"కాళ్ళు వాచిన మనిషి కదా?"

"మా ఆయన సెప్పులు పెద్దవని ఇచ్చినా. గుడికీ అవే, క్లినిక్కీ అవే. బూట్లేసుకోగా నాను సూణ్ణేదు. ఎన్నేళ్ళయిందో."

"ఆ తణుకు కుర్రాడు రాఘవ్ వచ్చినప్పుడు?"

"సెప్పులు గూడా లేవు. మంచం మీద కాళ్ళు సాపుకు కూకునీవోడు. ఆ పిల్లోడు తెలుగు మాటాడితే సాలు, తాతకి పండగ. గరాజులో పేకాట అయినాక పెరుగన్నం అట్టుకెళ్ళేది ఆ పిల్లోడే."

సూబయ్య మంచం కిందికి వంగాడు. పాలిష్ డబ్బా ఉంది. మూత తెరిచే ఉంది. బ్రష్ ఉంది. పక్కనే ఒక పెద్ద చెంచా. దాని కాడ మధ్యలో వంగిపోయింది. మడమ బూటులోకి దూరక ముసలాయన చెంచా పెట్టి లాగి ఉంటాడు. ఆ వాపు కాళ్ళకు అదెంత నొప్పి పెట్టి ఉంటుందో.

"తాత ఏం ఉద్యోగం చేశాడు?" అన్నాడు. జవాబు తెలిసే అడిగాడు.

"పోలీసు డ్రైవరు. ఆఫీసర్లని తిప్పేవోడు. బుధవారం సత్యం కమిషన్ ముందర, తెల్లోళ్ళ నాటి పాపాలు ఇచారించేవోళ్ళ ముందర, కూకుని సెప్తానన్నాడు. ఇస్కూలు గొడవలప్పుడు, మళ్ళీ ఇంటికి రాని ఒక అబ్బాయిని కారులో ఎక్కడికి తీసకెళ్ళాడో, ఎనక సీట్లో ఎవరు కూకున్నారో."

"పేర్లు నీకు చెప్పాడా?"

"లేదు. లాయరమ్మకే సెప్తానన్నాడు."

సూబయ్య తలూపాడు. తనూ పోలీసు ఉద్యోగం చేసి వదిలేసిన మనిషే. ఆ కాలపు డ్రైవర్లు అతనికి తెలుసు. జ్వరం వచ్చినా, చెయ్యి విరిగినా ఆఫీసరు ముందు చెప్పులతో నిలబడరు. ఆ భయం ఉద్యోగంతో పోదు. ఎముకల్లో ఉంటుంది.

వచ్చినవాడు చెప్పి వచ్చాడు. బూట్లు తొడుక్కునేంత టైము ఇచ్చి వచ్చాడు. వాడు ఆఫీసరు.

బయట కారు తలుపు ధడాలున పడింది. సూబయ్య పాలిష్ డబ్బా చేత్తోనే గుమ్మంలోకి వచ్చాడు.

"సూబయ్యా! చెప్పుల షాపు పెట్టావా ఇక్కడ?"

కెప్టెన్ వాసీ. ఎత్తయిన మనిషి, ఈ కేసు చూస్తున్న పోలీసు. బెల్టుకు పిస్తోలు. తెల్లవాళ్ళ ప్రభుత్వం పోయి కొత్తది వచ్చినా అతని కుర్చీ కదల్లేదు. కారు గరాజు ముందు అడ్డంగా ఆపాడు, అద్దాలు దించి ఉన్నాయి. మ్యూరియెల్ వెళ్ళి గేటుకు తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. అది ఆమె అలవాటు.

"రాఘవ్ ఎక్కడ?" అన్నాడు వాసీ.

"గరాజులో. అందరినీ రమ్మన్నాను" అన్నాడు సూబయ్య.

"నువ్వెవడివి రమ్మనడానికి? ముసలాడి ఉంగరం వాడి కోటు జేబులో దొరికింది. శవాన్ని మొదట చూసింది వాడు. ఇంకేం కావాలి?"

"కోటు నడవలో కొక్కానికి వేలాడుతోంది. ఎవడైనా వెయ్యొచ్చు."

"ఎవడైనా ఎవడు? ఆట మధ్యలో ఎవరూ బయటికి రాలేదని అందరూ చెప్పారు. ముసలాడి లాయరు నివాషా రైస్‌థార్ప్ నుంచి బయల్దేరింది. ఆమె వచ్చేసరికి వాడు నా కారులో ఉండాలి."

"ఈ గ్రీన్‌వుడ్ పార్క్ నీ ఏరియా కాదు కదా కెప్టెన్?"

వాసీ కళ్ళు చిన్నవయ్యాయి. "పెద్ద కేసు. అడిగి తీసుకున్నాను."

కారులో రేడియో పిలిచింది. వాసీ మాట మధ్యలో ఆపి పరుగున వెళ్ళాడు. మాట్లాడి వచ్చాడు. రెండు మాటలయ్యాయో లేదో మళ్ళీ పిలిచింది. మళ్ళీ పరుగు. సూబయ్య ఆ పరుగు చూశాడు.

"మ్యూరియెల్, ఫోన్ ఎక్కడుంది?" అన్నాడు.

వంటింట్లోకి వెళ్ళి డయల్ చేశాడు. అవతల కంట్రోల్ రూములో డాలీ. పాత స్నేహం.

"డాలీ, పావుగంట ఆగు. తరువాత కెప్టెన్ వాసీని రేడియోలో పిలుస్తూ ఉండు. అతను పలికేదాకా ఆపకు."

"ఏం చెప్పాలి మావా?"

"ఏదో ఒకటి. సంతకం కావాలను."

పెట్టేశాడు.

*

గరాజులో ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల. చుట్టూ ఆరు కుర్చీలు. మ్యూరియెల్ భర్త ఓడలో స్టూవర్డుగా తిరిగినప్పుడు అమెరికా రేవుల్లో నేర్చుకొచ్చిన ఆట ఇది. ఇక్కడివాళ్ళంతా ఊరి పేకాట తూనీ ఆడుతుంటే ఈ గరాజులో మాత్రం హోల్డెమ్ అనే పోకర్. పందేలు చిన్నవి, బస్సు చార్జీ అంత. కానీ పై హద్దు లేదు. ఎవరైనా ఎప్పుడైనా తన ముందున్నదంతా తోసెయ్యొచ్చు.

రాఘవ్ మూల కుర్చీలో ఉన్నాడు. తణుకు కుర్రాడు. టోంగాట్ చక్కెర మిల్లులో ఇంజనీరు. సూబయ్యను చూసి లేచి నిలబడ్డాడు.

"సార్, అరెస్టయితే వర్క్ పర్మిట్ పోతుందట. నా భార్య తేజశ్రీకి ఏడో నెల. ఈ ఊళ్ళో మాకు ఎవరూ లేరు సార్."

"కూర్చో. ఉంగరం సంగతి చెప్పు."

"నాకు తెలీదు సార్. అన్నం తీసుకెళ్ళాను. తాత పడుకున్నాడనుకున్నాను. 'తాతా, బువ్వ' అన్నాను. వచ్చినప్పుడల్లా ఆయన నన్ను అడిగే మాట అది."

పక్కన షెర్విన్ కాలు ఆడిస్తున్నాడు. కారు స్పేరు పార్టులమ్మే కుర్రాడు, నోరు ఆగదు. ఎదుట సగ్రెన్. స్కూలు మాస్టరు, ఇస్త్రీ చొక్కా, కదలని మొహం.

"శనివారం ఆట మధ్యలో ఎవరైనా లేచారా?" అన్నాడు సూబయ్య.

"లేవకూడదు అంకుల్" అన్నాడు షెర్విన్. "ఆంటీ రూలు. ఆట నడుస్తుంటే ఎవడూ కుర్చీ దిగకూడదు. ముక్కలు పారేసినా సరే, కూర్చునే ఉండాలి. బాత్రూమ్ వచ్చినా బిగపట్టుకోవాలి."

"మా ఆయన పెట్టిన రూలు" అంది మ్యూరియెల్. "ఒకడు లేసి కుర్సీల ఎనక తిరిగి అందరి ముక్కలూ సూసీసినాడు. ఆ దినం నుంచి. ఇంకే బల్ల మీదా లేదు ఇది. ఈ గరాజులోనే."

"బాత్రూమ్ ఎటు?"

"ఎనక. తాత కిటికీ ముందర్నుంచే ఎల్లాలి."

సూబయ్య ఆ కిటికీని ఇందాకే చూశాడు. తెర లేదు. దారిన పోయేవాళ్ళకు మంచం కనిపిస్తుంది.

"చివరి ఆటకు ముందు ఆట ఎవరు గెలిచారు?"

"అది వదిలెయ్ అంకుల్, దాని తరువాతది అడుగు!" షెర్విన్ బల్ల చరిచాడు. "సగ్రెన్ సర్ ఆడిన ఆట! జన్మలో మర్చిపోను!"

సగ్రెన్ మొదటిసారి నోరు విప్పాడు. "పేకాట కబుర్లకు మనిషి చావుకు ఏమిటి సంబంధం?"

"తెలియకే అడుగుతున్నాను" అన్నాడు సూబయ్య. "నాకు తూనీ తప్ప రాదు. చెప్పు షెర్విన్."

"చేతికి రెండు ముక్కలు వస్తాయి అంకుల్. మధ్యలో మూడు వేస్తారు, తరువాత ఒకటి, చివర ఒకటి. అవి అందరివీ. ప్రతిసారీ పందెం. సగ్రెన్ సర్‌ని మేం రాయి అంటాం. ఆసులు, రాజులు వస్తేనే ఆడతాడు. అటూ ఇటూ కాని ముక్కలు ముట్టడు. నేను జాకీ, తొమ్మిది వస్తే ఆపుకోలేను. తూనీలో అవే కదా పెద్ద ముక్కలు! మన చేతికి అలవాటు. సర్ ప్రతివారం నన్ను తిట్టేవాడు. 'ఒరేయ్, ఇది తూనీ కాదు. ఇక్కడ జాకీ తొమ్మిది బిచ్చగాడి ముక్కలు. ముందు మాట్లాడే కుర్చీలో అయితే అసలు ముట్టకు.'"

"శనివారం?"

"ముందు మాట్లాడే, అంటే మొదట పందెం కట్టే, కుర్చీ ఆయనదే. పెంచాడు. మేమంతా హడలి పారేశాం. రాఘవ్ బ్రో ఒక్కడే నిలబడ్డాడు. చివర చూస్తే ఏముంది? ఇస్పేటు జాకీ, కళావరు తొమ్మిది!"

"మధ్యలో ఏం పడ్డాయి?"

రాఘవ్ చెప్పాడు. "ఆసు, ఏడు, రెండు సార్. నా దగ్గర ఆసు, రాజు. నేను పందెం వేశాను. సగ్రెన్ గారు చాలాసేపు ఆలోచించి సమానంగా వేశారు. తరువాత నాలుగు పడింది. మళ్ళీ వేశాను. మళ్ళీ ఆలోచించారు. ఆంటీ టీ చల్లారిపోతోందని విసుక్కున్నారు. మళ్ళీ వేశారు."

"జాకీకి జత పడిందా? తొమ్మిదికి?"

"లేదు సార్. వరుస కూడా లేదు. ఏమీ లేదు."

"ఏమీ లేని మనిషి ఏం ఆలోచించాడు?" అన్నాడు సూబయ్య.

సగ్రెన్ నవ్వబోయాడు. "తూనీ బుద్ధి. నేనూ ఈ ఊరివాణ్ణే కదా. ఒకసారి పిచ్చి ఆట ఆడకూడదా?"

"ఆడొచ్చు. కొందరు భయపెట్టడానికి ఆడతారు. నువ్వు భయపెట్టలేదు. ఒకసారి పెంచావు. తరువాత అతను వేస్తే నువ్వు వేశావు. ఓడే ముక్కలు పట్టుకుని ఆట సాగదీశావు. చివర ఏమైంది రాఘవ్?"

"అయిదు పడింది. ఈయన చెక్ అన్నారు, పందెం వెయ్యనని. నాకు భయం వేసింది సార్. ఈయన అంతసేపు నిలబడ్డారంటే మూడు ఏడు ముక్కలున్నాయనుకున్నాను. నేనూ చెక్ అన్నాను. ముందు ఆయనే ముక్కలు చూపించాలి. చూపించనన్నారు. ఆంటీ ఊరుకోలేదు."

"ఎందుకు ఊరుకుంటా? రూలు రూలే" అంది మ్యూరియెల్.

"చివర్లో కూడా ఆలోచించాడా?"

"మొదట ఆలోచించారు. వెనక సందులో ఏదో కారు హారన్ కొట్టింది. వెంటనే చెక్ అన్నారు."

షెర్విన్ కాలు ఆడించడం ఆపేశాడు. "అవును బ్రో. ఆంటీ ముక్కలు పంచుతున్నప్పుడు కూడా ఒకసారి కొట్టింది. ఎవడ్రా వీడు అన్నాను కదా నేను."

సూబయ్య సగ్రెన్ వైపు చూశాడు. సగ్రెన్ గోడ వైపు చూశాడు.

"ఇంకో మాట షెర్విన్. సగ్రెన్ వేరే ఎక్కడైనా ఆడతాడా?"

"టోంగాట్‌లో వాళ్ళ ఇంట్లో ఆదివారం ఆట. అక్కడికి పెద్ద పెద్ద వాళ్ళే. మమ్మల్ని పిలవడు."

వాసీ అప్పటిదాకా తలుపుకు ఆనుకుని ఉన్నాడు. ఇప్పుడు చప్పట్లు కొట్టాడు. "అద్భుతం! జాకీ తొమ్మిది పట్టుకుని హంతకుణ్ణి పట్టావు. కోర్టులో చెప్పు, జడ్జి నవ్వి చస్తాడు. లే రాఘవ్."

రాఘవ్ లేచాడు.

"ఒక్క ఆట" అన్నాడు సూబయ్య.

"ఏమిటి?"

"ఆ రోజు ఎలా కూర్చున్నారో అలా కూర్చోబెట్టి ఒక్క ఆట ఆడిస్తాను. ఏమీ తేలకపోతే అతన్ని నేనే నీ కారెక్కిస్తాను. నివాషాకు కూడా నేనే చెప్తాను, కెప్టెన్ సరిగ్గా చేశాడని."

వాసీ ఆలోచించాడు. ఆ చివరి మాట అతనికి నచ్చింది. "ఒక్కటే."

"ఇద్దరు తక్కువ. నర్సు ఆడ్రీకి, ఆమె మొగుడికి డ్యూటీ. ఒక కుర్చీ నాది. ఇంకోటి నీది."

"నాకు పేక రాదు. మా అమ్మ ఇంట్లో పేక కనపడితే పొయ్యిలో పెట్టేది. జన్మలో ముట్టలేదు."

"రాకపోతే పారెయ్. కుర్చీ నిండాలి, అంతే."

సగ్రెన్ వాసీ వైపు ఒకసారి చూశాడు.

*

మ్యూరియెల్ పంచింది. తలుపు తెరిచే ఉంది. అవతల వాసీ కారు కనిపిస్తోంది.

సూబయ్యకు ఏడు, రెండు వచ్చాయి. రంగు కూడా కలవలేదు. ఇంతకంటే పనికిరాని జత లేదని కూర్చునే ముందు షెర్విన్ చెప్పాడు.

సగ్రెన్ తన ముక్కలు చూసిన మరుక్షణం పారేశాడు. అది అతని అసలు ఆట. షెర్విన్ వేశాడు. రాఘవ్ వేశాడు.

వాసీ వంతు. అతను ముక్కలను బల్ల మీంచి ఎత్తలేదు. అరచేయి అడ్డుపెట్టి, బొటనవేలితో మూల కాస్త వంచి చూశాడు. వాటి మీద సిగరెట్ లైటర్ పెట్టాడు. ఒక్క క్షణం ఆగి, లైటర్ తీసి, ముక్కలు రెండువేళ్ళతో ముందుకు తోసి పారేశాడు.

జన్మలో పేక ముట్టని చేతులు.

సూబయ్య సమానంగా వేశాడు. మ్యూరియెల్ తనవి పారేసి మధ్యలో మూడు ముక్కలు తిప్పింది. రాజు, ఎనిమిది, మూడు. షెర్విన్ తప్పుకున్నాడు. రాఘవ్ పందెం వేశాడు. ఎందుకు ఆడుతున్నాడో అతనికే తెలియదు.

సూబయ్య ఆలోచించాడు.

కారులో రేడియో పిలిచింది. "కెప్టెన్ వాసీ. కెప్టెన్ వాసీ, పలకండి."

వాసీ మోకాలు కదిలింది. అంతే. కదిలి ఆగిపోయింది.

సూబయ్య వేశాడు. నాలుగో ముక్క పడింది, రాణి. రాఘవ్ మళ్ళీ వేశాడు. సూబయ్య మళ్ళీ ఆలోచించాడు. గడ్డం గోక్కున్నాడు. ముక్కలు ఎత్తి చూశాడు, అవి మారి ఉంటాయేమో అన్నట్టు.

"కెప్టెన్ వాసీ. అర్జెంట్. పలకండి."

ఇందాక మాట మధ్యలో పరుగెత్తిన మనిషి. ఇప్పుడు చేతులు తొడల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ముక్కలు ఎప్పుడో పారేశాడు. అతనికి ఈ ఆటలో పనిలేదు. అయినా లేవడం లేదు. సగ్రెన్ నుదుట చెమట పట్టింది. వాసీ వైపు చూసి కళ్ళతో తలుపు చూపించాడు. వాసీ గమనించలేదు. అతని చూపు బల్ల మీద ఉంది.

సూబయ్య వేశాడు. చివరి ముక్క పడింది, ఆరు. రాఘవ్ ఉన్నదంతా తోశాడు. పిల్లవాడికి విసుగొచ్చింది, ఎలాగోలా అయిపోవాలని.

"కెప్టెన్ వాసీ!"

"నిన్నే పిలుస్తున్నారు కెప్టెన్" అన్నాడు సూబయ్య, ముక్కల మీంచి తల ఎత్తకుండా.

"ఆట అవనీ" అన్నాడు వాసీ చిరాగ్గా.

అనేశాక ఆగాడు. తన మాట తనకే వినబడినట్టు ఆగాడు.

మ్యూరియెల్ చేతిలో పేకకట్ట అలాగే ఉండిపోయింది. "జన్మలో పేక ముట్నేదన్నావు. మరి కాళ్ళెందుకు లెగలేదు?"

"ఈవిడ ఇందాక చెప్పింది కదా రూలు" అన్నాడు వాసీ.

"చెప్పింది" అన్నాడు సూబయ్య. "విన్న రూలు నోట్లో ఉంటుంది. ఒంట్లోకి దిగాలంటే ఏళ్ళు పడుతుంది. నువ్వు పోలీసు పని మీద వచ్చావు, నీ రేడియో మూడుసార్లు అరిచింది. రూలుకు భయపడే మనిషివి కావు నువ్వు. సగ్రెన్, ఈ రూలు టోంగాట్ తీసుకుపోయావు కదూ? ఈ కెప్టెన్ ఎన్ని ఆదివారాలు నీ బల్ల దగ్గర కూర్చున్నాడు?"

సగ్రెన్ ఇస్త్రీ చొక్కా వీపుకు అంటుకుపోయింది. "లే అని కళ్ళతో చెప్పాను కదా వాసీ" అన్నాడు. ఏడుపు గొంతుతో. "రెండుసార్లు చెప్పాను. చూడవేం?"

షెర్విన్ నోరు తెరుచుకుంది. రాఘవ్ మెల్లగా సగ్రెన్ వైపు తిరిగాడు.

"నువ్వు స్కూలు మాస్టరువి. ఆ కుర్రాడి పేరు పోలీసులకు ఇచ్చింది నువ్వు" అన్నాడు సూబయ్య సగ్రెన్‌తో. "వెనక సీట్లో కూర్చున్నది ఇతను. కారు నడిపింది అప్పల్‌సామి. బుధవారం వస్తే మీ ఇద్దరూ పోతారు. అందుకని కెప్టెన్ కబురుపెట్టాడు, వస్తున్నానని. పాపం, ముసలాయన వాపు కాళ్ళకు బూట్లు తొడుక్కుని కూర్చున్నాడు, సెల్యూట్ కొట్టడానికి. నువ్వు ఇక్కడ జాకీ తొమ్మిది పట్టుకుని అందరినీ కుర్చీలకు కట్టేశావు. మొదటి హారన్ నుంచి రెండో హారన్ దాకా ఎవరూ కిటికీ ముందుకు రాకుండా. ఇతను పని చూసుకుని, ఉంగరం రాఘవ్ కోటులో వేసి పోయాడు."

"నేను ఆట మాత్రమే ఆడాను" అన్నాడు సగ్రెన్. "చంపుతానని చెప్పలేదు. బెదిరిస్తానన్నాడు. అంతే అన్నాడు."

"నోరు ముయ్" అన్నాడు వాసీ. చాలా నెమ్మదిగా అన్నాడు.

బల్ల కింద చిన్న చప్పుడు. పిస్తోలు గుర్రం వెనక్కి లాగిన చప్పుడు. సూబయ్యకు అది తెలుసు.

వాసీ కుడిచేయి బల్ల మీద లేదు.

"సూబయ్యా" అన్నాడు. "నువ్వు నన్ను కూర్చోబెట్టావు. మంచిదే. ఇప్పుడు వాళ్ళంతా కూడా కూర్చునే ఉన్నారు. ఆ గేటు తాళంచెవి బల్ల మీద పెట్టమను. నీ ముక్కలు పారెయ్. ఆట అయిపోతుంది. నేను లేస్తాను, ఈ తణుకు వాణ్ణి తీసుకుపోతాను. దారిలో పారిపోబోతే కాల్చానని రాసుకుంటాను. మిగతావాళ్ళు బతుకుతారు."

మ్యూరియెల్ చేయి కొంగు ముడి మీదికి వెళ్ళింది. విప్పలేదు.

సూబయ్య చేతిలో ఏడు, రెండు. ఈ బల్ల మీద దేన్నీ గెలవలేని ముక్కలు. కానీ అవి చేతిలో ఉన్నంతసేపు ఆట అయినట్టు కాదు. రైస్‌థార్ప్ దారి అంత పొడవేం కాదు. నివాషా ఒంటరిగా రాదు. కమిషన్ మనుషులు కూడా ఉంటారు, ఇతని కింద పనిచేయని మనుషులు.

వాటిని మళ్ళీ ముఖానికి దగ్గరగా తెచ్చుకున్నాడు. ఒకదాని వెనక ఒకటి మార్చి పెట్టుకున్నాడు.

"పారెయ్" అన్నాడు వాసీ.

"ఆలోచించుకోనీ" అన్నాడు సూబయ్య.

"దేనికి? నీ దగ్గర ఏమీ లేదు."

"సగ్రెన్ దగ్గరా ఏమీ లేదు కదా. నువ్వు పని ముగించేదాకా ఆలోచించాడు."

వాసీ చెంప మీద నరం కొట్టుకుంది. బల్ల కింద అతని మోకాలు సూబయ్య మోకాలికి తగిలింది. తరువాత ఇంకేదో తగిలింది. చల్లగా, గట్టిగా.

రేడియో ఊరుకుంది. డాలీ పిలిచి పిలిచి అలసిపోయినట్టుంది.

అప్పుడు గేటు అవతల కారు ఆగింది. ఒక తలుపు తెరుచుకుంది. ఇంకో తలుపు తెరుచుకుంది. ఎవరో ఆడమనిషి గేటు ఊపుతోంది. తాళం గలగలమంది.

"మ్యూరియెల్ ఆంటీ! నేను, నివాషాని!"

ఎవరూ పలకలేదు. హారన్ కొట్టారు.

మ్యూరియెల్ సూబయ్య మొహం చూసింది. ఆయన తన ముక్కలు చూసుకుంటున్నాడు, పారెయ్యలేదు.

గరాజులో ఒక్కరూ కుర్చీ దిగలేదు, వాసీ కూడా.